హారనుకు దురదెందుకు

24 ఫిబ్రవరి 1974, ఆదివారం

ఈ నోటుబుక్కు షెడ్డులో లారీ రిపేర్లు రాసుకోమని ఇచ్చింది. ఇవాళ్టి నుంచి దీన్ని కుక్కపిల్లకు వాడతాను. ఎవరైనా అడిగితే అడగనీ.

సంగతి ఇది. హారనుకు దురద. మూడు నెలల పిల్ల, షెడ్డులో లారీ కింద దొరికింది. అరిస్తే భవానీపురం మొత్తం వింటుంది, అందుకని ఆ పేరు. తెచ్చి నెలయింది. మొదటి పది రోజులు బాగానే ఉంది. తర్వాత కడుపు కింద ఎర్రటి పొక్కులు, చంకల్లో వెంట్రుకలు ఊడడం, పగలూ రాత్రీ గోక్కోవడం.

పొద్దున ఎనిమిదింటికి ఇంటి ఓనరు తిరుపతిరావు గారు వచ్చి, ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని మా గది ముందు నిలబడ్డారు. ఈ ఐదు గదుల వరస ఆయనది. ముందున్న డాబా కూడా ఆయనదే. గాలి కూడా తనదే అనుకుంటారు.

"ఇది అంటుజబ్బు అమలమ్మా. పక్క గదిలో పాకే పిల్ల ఉంది. తీసుకెళ్ళి వదిలేయండి."

అంటు అనే మాట ఆయన నోట్లో బాగా నలిగిన మాట. మేం ఈ గదిలో దిగిన రోజు బావి దగ్గర చేద విషయంలోనూ అదే మాట అన్నారు. అప్పుడు కుక్క లేదు.

నేను నోరు తెరిచేలోగా అమ్మ ముందుకొచ్చింది. "పాస్క పండగ దాకా ఆగండి బాబుగారూ. ఆ తర్వాత మీ ఇష్టం."

ఆయన వేళ్ళ కణుపులు లెక్కపెట్టారు. "ఈస్టరంటే ఏప్రిలు పద్నాలుగు. ఆ రోజు నేనే వచ్చి చూస్తాను. ఒక్కసారి గోక్కుందా, మునిసిపాలిటీ బండికి కబురు."

ఆ బండి సంగతి అందరికీ తెలుసు. ఇనప పట్టకారుతో మెడ పట్టి లోపలికి విసురుతారు. ఎక్కిన కుక్క దిగడం నేను చూడలేదు.

కాబట్టి నిర్ణయం. దురదకు కారణం నేనే కనిపెడతాను. లారీ స్టార్టు కాకపోతే మా బసవపున్నయ్య మేస్త్రీ ఏం చేస్తాడు? ఒక్కటి విప్పుతాడు. చూస్తాడు. అది కాకపోతే మళ్ళీ బిగించి రెండోది విప్పుతాడు. రెండూ ఒకేసారి విప్పినవాడి చెవి మెలిపెడతాడు. నా చెవి సాక్ష్యం. కుక్క లారీ కంటే కష్టమేం కాదు.

రూల్సు:
ఒకటి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. వారం రోజులు చూడాలి.
రెండు. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట ఎన్నిసార్లు గోక్కుందో లెక్కపెట్టాలి.
మూడు. రుజువు దొరికేదాకా ఎవరి మీదా కోప్పడకూడదు.

అమ్మకు చదివి వినిపించాను. మూడోది విని నవ్వింది. నవ్వనీ.

25 ఫిబ్రవరి, సోమవారం

పొద్దున 71. సాయంత్రం 68. మొత్తం 139. సగటు మనిషి కుక్కకు దురద అంటాడు. నేను 139 అంటాను. తేడా అదీ.

అరపూట సెలవు పెట్టి పశువులాసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు గారు పామర్రులో గేదెల క్యాంపుకు వెళ్ళారట. కాంపౌండరు ఉన్నాడు. హారనును బల్ల మీద పెట్టకముందే చీటీ మీద 'గజ్జి' అని రాసేశాడు.

"ఊరకుక్కా?"

"మా ఇంటి కుక్కండీ."

"అదే, ఊరకుక్క."

ఏదో పడక వచ్చిందేమో చూడమన్నాను. ఎలర్జీ అంటారని పుస్తకంలో చదివానని చెప్పాను.

"కుక్కకి ఎలర్జీనా? నీకేం పడదో చెప్పు ముందు."

నాకు పడనివి చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి ఆ కుర్చీలో కూర్చుని ఉంది. ఆ మాట పైకి అనలేదు. మూడో రూలు.

ఊదా రంగు మందు పూసి పంపాడు. ఎనిమిదో తరగతితో బడి మానేసిన నేను పుస్తకాలు తెచ్చుకుని చదువుతున్నాను. సర్కారు ఖర్చుతో చదివినవాడు కుక్కకు రంగేస్తున్నాడు.

అనుమానాల పట్టీ:
చేపలమ్మే కొండలమ్మత్త రోజూ వేసే చేప తలకాయలు.
బావి నీళ్ళు.
పక్క గది సీతారావమ్మ గారి వాకిట్లో ముగ్గు.
గోమార్లు. దువ్వి వెతికితే నాలుగు దొరికాయి, చంపేశాను.
పడుకునే చోటు సంగతి చూసే పని లేదు. షెడ్డు నుంచి నేనే మంచి గోతం తెచ్చి మడిచి వేశాను.

27 ఫిబ్రవరి, విభూది బుధవారం

అమ్మ నుదుటి మీద బూడిదతో చర్చి నుంచి వచ్చింది. తపస్సు కాలం మొదలు. నలభై రోజులు నీచు ముట్టదట. రోజూ సాయంత్రం మోకాళ్ళ మీద జపమాల చెబుతుందట.

"నలభై రోజులు నువ్వు చేప మానేస్తే దేవుడికి ఒరిగేదేంటి?" అన్నాను.

"కుక్క గోకుడు రాస్తే నీకు ఒరిగేదేంటో అదే," అంది.

ఈ ఇంట్లో మర్యాద లేదు.

గచ్చు మోకాళ్ళకు ఒత్తుకుంటోందని హారను కింద గోతం లాక్కుని దేవుడి పటం కింద వేసుకుంది. దానికి నా పాత లుంగీ ఒకటి పడేశాను.

ఒక లాభం మాత్రం ఉంది. ఇంట్లో చేప వండకపోతే తలకాయలూ ఉండవు. కొండలమ్మత్తకు కూడా అమ్మే చెప్పింది, పండగ దాకా కుక్కపిల్లకు ఏమీ వేయొద్దని. మొదటి పరీక్ష దానంతటదే మొదలైంది. తీసేసింది చేప. మార్చింది ఒక్కటే. ఇదీ పద్ధతి.

3 మార్చి, ఆదివారం

బుధవారం 130.
గురువారం 96.
శుక్రవారం 58.
శనివారం 37.
ఇవాళ 24.

చేప! ఐదు రోజుల్లో తేలిపోయింది. జీతం తీసుకుని కూర్చునే కాంపౌండరుకు చేతకానిది, అర్ధరూపాయి పెన్సిలుతో నేను చేశాను. వారం చూడాలన్న రూలు నిజమే. కానీ లారీ స్టార్టయ్యాక కూడా మేస్త్రీ వారం చూడడు.

5 మార్చి, మంగళవారం

పొద్దున ఆరున్నరకు కొండలమ్మత్త తట్ట దించింది. ఈమె ఏటి ఒడ్డు మనిషి. తెల్లవారకముందే పడవల దగ్గర చేపలు ఎత్తుకుని మా వీధికి వస్తుంది. నన్ను చిన్నప్పటి నుంచి ఎరుగు. గిన్నెలు పట్టుకుని ఆరుగురు ఆడవాళ్ళు చుట్టూ మూగారు. సీతారావమ్మ గారు బిడ్డను చంకనేసుకుని బొచ్చె ముక్కలు బేరం ఆడుతున్నారు. నేను నోటుబుక్కు పట్టుకుని వెళ్ళాను.

"అత్తా, పండగ దాకా కాదు, ఇక ఎప్పుడూ కుక్కకి తలకాయలు వేయకు. నీ చేపల వల్లే దానికి రోగం."

"నా చేపలేం చేసినయ్యిరా? చీకట్నే ఏట్లోంచి తీసినయ్యి. ఇంకా నోరాడిత్తన్నయ్యి, చూడు."

"ఇందులో లెక్కుంది. నూటముప్ఫై నుంచి ఇరవైనాలుక్కి దిగింది."

"నేను చేపలు అమ్ముకునేదాన్ని నాయనా, లెక్కలు కాదు. ఆ పుత్తకంలోంచి కంపొత్తందేమో చూడు, నా తట్టలోంచి రాదు."

ఆడవాళ్ళు నవ్వారు. నవ్వకుండా ఉంటే బాగుండేది. "కుళ్ళిన చేపలు తెచ్చి వీధి మీద రోగాలు అమ్ముతున్నావు" అన్నాను. గట్టిగానే అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. సీతారావమ్మ గారు ఏరుకున్న ముక్కలు మళ్ళీ తట్టలో వేశారు. మిగతావాళ్ళూ వేశారు. కొండలమ్మత్త తడి గోనెపట్టా కప్పి, తట్ట తనే ఎత్తుకుంది. "అమలమ్మొదిన మొహం చూసి పోతన్నా" అని మాత్రం అంది.

మూడో రూలు తప్పలేదు. రుజువు దొరికాకే కోప్పడ్డాను.

9 మార్చి, శనివారం

11. పదకొండు!

నోటుబుక్కు తీసుకెళ్ళి తిరుపతిరావు గారికి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని పేజీలు తిప్పారు.

"చేతిరాత బాగుందయ్యా. కానీ తగ్గిందాకా దాన్ని బయటికి వదలొద్దు. గదిలో కట్టేయండి."

"తగ్గిందండీ."

"పదకొండంటే తగ్గినట్టా? నేనెన్నిసార్లు గోక్కున్నానో చూశావా పొద్దున్నించి?"

లెక్క పెట్టలేదు. పెట్టి ఉండాల్సింది.

రేపటి నుంచి అమ్మ మంచంకోడుకు కట్టేస్తాం. నేను షెడ్డుకు పోయాక అమ్మ చూసుకుంటుంది. కొండలమ్మత్త మంగళవారం తర్వాత మా వీధికి రాలేదు. రాకపోతే పోయింది.

13 మార్చి, బుధవారం

ఆదివారం 19. సోమవారం 44. నిన్న 77. ఇవాళ 102.

ఎక్కడో తేడా ఉంది. చేప లేదు. బయటికి కూడా వెళ్ళడం లేదు. మంచం పక్కన, దేవుడి పటం కింద ముడుచుకుని పడుకుంటోంది. ఎవరో ఏదో చేస్తున్నారు.

కారణాలు: ఎండలు ముదిరాయి. అమావాస్య వస్తోంది (ఇది నేను నమ్మను, సీతారావమ్మ గారు అన్నారు, పూర్తిగా ఉండాలని రాస్తున్నాను). లెక్కలో పొరపాటు జరిగి ఉండొచ్చు. తోకతో కొట్టుకోవడం కూడా గోకడం కింద రాశానేమో.

15 మార్చి, శుక్రవారం

దొరికారు. ఇద్దరు.

షెడ్డు నుంచి పెందలాడే వచ్చేసరికి హారను నున్నగా, పచ్చగా మెరుస్తోంది. అమ్మ చర్చి నుంచి తెచ్చిన అంతోనీ వారి నూనె పూసింది. ఎప్పటి నుంచి? "మొన్న సోమారం నించి. కొంచెమేరా." పసుపు ఎక్కడిది? "సీతారావమ్మ గారు ఏపాకు పసుపు నూరి ఇచ్చారు, పాపం."

పాపం అట. నా పరీక్ష మీద ఇద్దరూ కలిసి తిరగమోత పెట్టారు.

"ఒకసారికి ఒక్కటే అని చెప్పానా లేదా?"

"నొప్పెట్టి ఏడుత్తంటే నీ ఒక్కటి అయ్యేదాకా చూత్తా కూచోమంటావా?"

"నూనె పూస్తే తగ్గుద్దా? ఆ నూనె మీ ఫాదరు గారికి పూయండి."

అమ్మ అటు తిరిగి దేవుడి పటం కింద మోకరించింది. జపమాల చెబుతూ మోకాళ్ళు అటూ ఇటూ కదిలిస్తూనే ఉంది. ఆవిడకు ఒక చోట నిలకడ ఉంటే కదా.

సీతారావమ్మ గారి గుమ్మం దగ్గరికి కూడా వెళ్ళి చెప్పాల్సినవి చెప్పాను. బిడ్డ జడుసుకుని ఏడ్చింది. మూడో రూలు తప్పింది. తప్పించింది వాళ్ళు.

ఇవాళ 148.

18 మార్చి, సోమవారం

శనివారం ఓవర్‌టైము. లెక్క లేదు. ఆదివారం తలనొప్పి. లెక్క లేదు. ఇవాళ పొద్దున ఇరవై వరకు లెక్కపెట్టి, దీన్నిబట్టి 150 అని వేశాను. ఇది పద్ధతి కాదని నాకు తెలుసు. అంతకంటే మంచి పద్ధతి ఉన్నవాళ్ళు వచ్చి లెక్కపెట్టుకోవచ్చు.

20 మార్చి, బుధవారం

చాలా.

22 మార్చి, శుక్రవారం

మెడ కింద పుండు పడింది. నిద్రలో కూడా వెనక కాలు ఆడుతోంది.

షెడ్డులో మేస్త్రీని అడిగాను. పాత ఇంజనాయిల్లో గంధకం కలిపి పూస్తే ఏ కుక్కకైనా తగ్గుతుందన్నాడు.

"ముందు కారణం తేలాలి మేస్త్రీ."

"నువ్వు తేల్చేలోగా కుక్క తేలిపోద్దిరా."

డబ్బాలో అరలీటరు పట్టుకొచ్చాను. పూయను. ఊరికే ఇంట్లో ఉంటుంది.

23 మార్చి, శనివారం

పూశాను.

వేపనీళ్ళతో కడిగాను, బట్టల సబ్బు రుద్దాను, ఊదా మందు రాశాను, దాని మీద ఇంజనాయిలు. నాలుగూ ఒకే గంటలో. అమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. "ఒకసారికి ఒక్కటే" అనలేదు. అని ఉంటే అరిచేవాణ్ణి. అందుకే అనలేదు.

24 మార్చి, ఆదివారం

తెల్లారేసరికి వాంతులు. ఒంటి మీది ఆయిలు నాకినట్టుంది. నల్లటి నురగ. లేవడం లేదు. పేరు పెట్టి పిలిస్తే కళ్ళు తిప్పింది, తల ఎత్తలేదు. అరవడం కూడా మానేసింది.

పశువులాసుపత్రికి ఆదివారం తాళం. తాళాన్ని తన్నాను. కాలు వాచింది.

ఇంటికొచ్చేసరికి కొండలమ్మత్త మా గదిలో కూర్చుని ఉంది. అమ్మ కబురు పంపిందట. పంతొమ్మిది రోజుల తర్వాత మా వీధిలో అడుగు పెట్టింది. నా వైపు చూడలేదు. బియ్యం కడుగు ఉప్పేసి దాని గొంతులో పోస్తోంది. తర్వాత సున్నిపిండితో ఒంటి మీద ఆయిలంతా తీసి, చేపల తట్టలో తడిగుడ్డ పరిచి పడుకోబెట్టింది.

"ఎక్కడికి తీసుకెళ్తున్నావు?"

"ఏటి కాడికి. నీ పుత్తకం లేని చోటికి."

తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆపలేదు. ఆపడానికి నా దగ్గర ఏ రూలూ లేదు.

2 ఏప్రిలు, మంగళవారం

రాయడానికి ఏమీ లేదు. కుక్క లేదు. తిరుపతిరావు గారు దారిలో ఆపి "పీడ వదిలిందా?" అన్నారు. పండక్కి తిరిగొస్తుందన్నాను. వస్తుందో రాదో నాకే తెలియదు.

5 ఏప్రిలు, శుక్రవారం

షెడ్డు వదిలాక ఏటి ఒడ్డుకు వెళ్ళాను. ఊరికే. దారి అటే ఉంది. (లేదు. దారి ఇటు.)

కొండలమ్మత్త గుడిసె ముందు వల ఆరేసి ఉంది. ఇసుకలో హారను. నన్ను చూసి అరిచిన అరుపుకు అవతలి ఒడ్డున కూడా ఎవరో తిరిగి చూసి ఉంటారు. కడుపు కింద పొక్కులు ఎండి పొట్టు రాలుతున్నాయి. చంకల్లో సన్నగా నూగు. దాని ముందు ఆకులో నాలుగు చేప తలకాయలు.

కూర్చుని అరగంట లెక్కపెట్టాను. నోటుబుక్కు తేలేదు, వేళ్ళ మీద. మూడు.

"రోజూ తింటోందా?"

"రోజూ. పూటకి నాలుగు. మా కుళ్ళిన చేపలే."

ఏం మాట్లాడాలి? చేప తింటూ బాగుపడింది. నా లెక్కంతా పోయింది. ఆ ఐదు రోజులూ తగ్గింది నిజం, తర్వాత పెరిగింది నిజం, మధ్యలో చేప లేనే లేదు.

"నేనన్నది తప్పేలే అత్తా," అన్నాను. మెల్లగానే అన్నాను.

"వీధిలో అన్న మాటరా అది. ఏటి ఒడ్డున ఎనక్కి తీసుకుంటే ఎవుడికి ఇనపడద్ది? నెలయింది మీ వీధిలో తట్ట దించి. పక్క వీధోళ్ళు కూడా ముక్క వాసన చూసి కొంటన్నారు. నలుగురిలో అన్నావు, నలుగురిలో చెప్పు. అప్పుడు నీ కుక్కని తీసుకుపో."

లేచి వచ్చేశాను. వీధిలో నిలబడి చేపల గురించి ప్రసంగం చేయాలా నేను? పండక్కి తొమ్మిది రోజులు ఉంది.

7 ఏప్రిలు, మట్టల ఆదివారం

అమ్మతో చర్చికి వెళ్ళాను. మట్ట పట్టుకోవడానికి ఒక చేయి కావాలంది. అందరూ మోకరించినప్పుడు అమ్మ నిలబడే ఉంది. నలభై ఏళ్ళలో మొదటిసారి అయి ఉంటుంది. వెనక వరసలో ఆడవాళ్ళు గుసగుసలు.

ఇంటికొచ్చాక ఏమైందని అడిగాను. ఏం లేదంది. రెండోసారి అడిగాను. చీర కుచ్చిళ్ళు జరిపి చూపించింది.

రెండు మోకాళ్ళ మీదా ఎర్రటి పొక్కులు. గోకి గోకి చీము పట్టింది. ఇవే పొక్కులు హారను కడుపు కింద చూశాను. తేడా లేదు.

"ఎప్పటి నించి?"

"రెండో వారం నించి."

"మరి చెప్పలేదే?"

"తపస్సు కాలంలో మోకాళ్ళు దురదేత్తన్నయ్యని చెప్పుకుంటారట్రా ఎవరన్నా? సిలువ మోసినాయన చెప్పాడా?" కాస్త ఆగి, "కుక్కపిల్లకి తగ్గాలని ఆ దురద దేవుడికి అర్పిత్తన్నా" అంది.

పటం కింద గోతం తీసి వెలుతురులోకి పట్టుకున్నాను. నేతలో తెల్లటి పొడి. దులిపితే ముక్కు మండింది. హారను కింద నుంచి దీన్ని లాగేసిన రోజు నుంచి దానికి తగ్గింది. దీని పక్కన కట్టేసిన రోజు నుంచి పెరిగింది. ఏటి ఒడ్డున ఇది లేదు. అమ్మ మోకాళ్ళ కింద ఉంది, రోజూ.

విభూది బుధవారం నాడు మారింది ఒక్కటి కాదు, రెండు. రెండోది రాయలేదు. నేను తెచ్చిన గోతం కాబట్టి.

8 ఏప్రిలు, సోమవారం

గోతం మేస్త్రీకి చూపించాను. వాసన చూసి తల వెనక్కి లాక్కున్నాడు.

"పత్తిచేలకి చల్లే పురుగుల పొడిరా ఇది. గుంటూరు లోడు లారీలోది. కడిగావా?"

"కొత్తగా ఉందని కడగలేదు."

చెవి మెలిపెట్టలేదు. మెలిపెడితే బాగుండేది. పార చేతికిచ్చి షెడ్డు వెనక నడుంలోతు గొయ్యి తవ్వించి గోతం పూడ్పించాడు.

సాయంత్రం అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. పూతమందు ఇచ్చాడు. ఇన్నాళ్ళూ ఆవిడ దేవుడికి అర్పించిన దురద నేను తెచ్చింది. ఈ విషయం మీద వెటకారంగా ఒక వాక్యం రాద్దామని కూర్చున్నాను. రాలేదు.

10 ఏప్రిలు, బుధవారం

తెల్లవారకముందే ఏటి ఒడ్డుకు వెళ్ళి, కొండలమ్మత్త తట్ట నేను ఎత్తుకున్నాను. నీళ్ళు చొక్కాలోకి కారాయి. ఆరున్నరకు మా వీధిలో దించాను. గిన్నె లేకుండా తొంగి చూడడానికి ఆడవాళ్ళు వచ్చారు. తిరుపతిరావు గారు పళ్ళు తోముకుంటూ డాబా మీద.

చెప్పాను. "అత్త చేపలు మంచివి. నేనన్నది అబద్ధం. కుక్కకి రోగం నేను తెచ్చిన గోతం వల్ల. మా అమ్మకి కూడా."

కొండలమ్మత్త చెవి మీద చేయి పెట్టుకుంది. "సరిగ్గా ఇనపళ్ళా."

మళ్ళీ చెప్పాను. ఈసారి ఆ రోజు అన్నంత గట్టిగా.

సీతారావమ్మ గారు ఇంట్లోకి పోయి గిన్నె తెచ్చారు. "నెల రోజులు పప్పే తిన్నాం బాబూ నీ లెక్క వల్ల. మా ఆయన నిన్ను తిట్టని పూట లేదు." రెండు బొచ్చెలు తీసుకున్నారు. మిగతావాళ్ళూ గిన్నెలు తెచ్చుకున్నారు. ఏడింటికల్లా తట్ట ఖాళీ.

"గొంతు మంచిదేరా," అంది కొండలమ్మత్త. "రోజూ వచ్చి అరుత్తా ఉండు, బేరం బాగుంటది."

13 ఏప్రిలు, శనివారం

మొన్న హారను ఇంటికి వచ్చింది. ఇవాళ మునిసిపాలిటీ ఆఫీసులో రెండు గంటలు నిలబడి లైసెన్సు తీసుకున్నాను. రోగం ఉన్న కుక్కకు ఇవ్వరు, కాబట్టి ఇంతకుముందు అడిగే వీలు లేదు. గుమాస్తా దాన్ని పైనుంచి కిందికి చూశాడు.

"జాతి?"

"కుక్క."

రాసుకున్నాడు. నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఇచ్చాడు. కొత్త తోలుపట్టా కొని, బిళ్ళ దానికి తగిలించి మెడకు కట్టాను. బిళ్ళ మెడలో ఉన్న కుక్కను బండివాళ్ళు ముట్టుకోకూడదు.

14 ఏప్రిలు, పాస్క ఆదివారం

పదింటికి తిరుపతిరావు గారు కుర్చీ వేయించుకుని మా గది ముందు కూర్చున్నారు. మాట ప్రకారం. వాచీ చూసుకుంటూ ఇరవై నిమిషాలు. అమ్మ కేకు ముక్క పెట్టిన పళ్ళెం ఇచ్చింది, తీసుకున్నారు, తిన్నారు. చేద దగ్గర అంటు, కేకు దగ్గర లేదు.

హారను ఆవలించింది. ఆయన చెప్పు వాసన చూసింది. పడుకుంది. గోక్కోలేదు.

"ఇవాళ్టికి సరే," అన్నారు లేస్తూ. పండగ భోజనం పోయినవాడిలా ఉంది మొహం. "కానీ మాట మాటే. ఎప్పుడు గోక్కున్నా బండి వస్తుంది."

"బిళ్ళ ఉందండీ మెడలో."

"ఉన్నన్నాళ్ళే కదయ్యా బిళ్ళ."

15 ఏప్రిలు, సోమవారం

పొద్దున ఏడూ పదికి. ఎడమ చెవి కింద. వెనక కాలుతో. ఒకసారి.

తిరుపతిరావు గారు వేపపుల్ల నములుతూ డాబా మీదే ఉన్నారు. నేను మధ్యలోకి జరిగి అడ్డంగా కూర్చున్నాను. ఈలోగా అమ్మ, కొండలమ్మత్త, సీతారావమ్మ గారు ముగ్గురూ మూగారు. ఎండ అని ఒకరు. దిష్టి అని ఒకరు. పేలు అని ఒకరు.

"ఆగండి," అన్నాను. "నిన్న దీనికి ఎవరేం చేశారో ఒక్కొక్కరే చెప్పండి."

కొండలమ్మత్త రొయ్యలు పెట్టింది. సీతారావమ్మ గారు బిడ్డ పౌడరు అద్దారు, పండగ కదా అని. అమ్మ కేకు పెట్టింది, అంతోనీ వారి నూనె కూడా, చుక్కే. అన్నీ రాసుకున్నాను.

"మరి నువ్వేం చేశావు?" అంది అమ్మ. "అది రాయి ముందు."

కారం మాంసం ఎముకలు, రెండు. అవి పైన రాశాను. ఇంకొకటి ఉంది. కొత్త తోలుపట్టా. పట్టా విప్పి చూశాను. చెవి కింద, తోలు రాసుకున్న చోట, వేలెడంత ఎరుపు.

ఒకసారికి ఒక్కటే తీయాలి. ముందు నేను చేసింది తీయాలి. పట్టా తీస్తే బిళ్ళ పోతుంది. బిళ్ళ పోతే బండి.

బిళ్ళను పురికొసకు కట్టి దాని మెడకే వేద్దామనుకున్నాను. అప్పుడు మార్చింది రెండవుతాయి, తోలు పోవడం, కొస రావడం. వద్దు. కొస నా మెడలో వేసుకున్నాను. వారం రోజులు హారను నా పక్కనే ఉంటుంది, షెడ్డులో కూడా. బండి వస్తే బిళ్ళ తీసి చూపిస్తాను.

అమ్మ చూసింది. "బాగుందిరా. లైసెన్సు ఎవరికి అవసరమో వాళ్ళ మెళ్ళోనే ఉంది."

ముగ్గురూ నవ్వారు. డాబా మీద నుంచి కూడా ఏదో దగ్గు లాంటిది వినిపించింది.

మొదటి రోజు. పట్టా తీసేశాను. మిగతావన్నీ యథాతథం.
పొద్దున అరగంట: 1.
కోపం: ఇంకా రాలేదు. ఏడున్నరే అయింది.